తుడవకుండా మిగిలిన ముప్పావు

ఆమెను ఇంటిల్లిపాదీ నిదానం అనే పిలిచేవారు. చిన్నప్పుడు బూట్ల తాడు కట్టుకోవడం మొదలుపెడితే బడిలో రెండో గంట కొట్టేదాకా కడుతూనే ఉండేదట. అందరూ విసుక్కుంటుంటే తండ్రి ఒక్కడే "నిదానమే ప్రధానం, ఊరుకోండి" అని వెనకేసుకొచ్చాడు. ఆ మాటలో సగం ఆమెకు పేరై కూర్చుంది. నలభై దాటినా, ఇద్దరు పిల్లల తల్లయినా, అక్క ఫోన్ చేస్తే "ఏమే నిదానం" అనే మొదలుపెట్టేది. ఆమె కూడా ఆ పేరును ఎప్పుడూ తప్పు పట్టలేదు. ప్రోగ్రాములు రాసేవాళ్లకు అది తిట్టు కాదు, మెచ్చుకోలే.

జీతం కోసం ఒక రవాణా కంపెనీ లెక్కల ప్రోగ్రాములు ఇంటి నుంచే చూసేది. జీతం లేని పని ఇంకొకటి ఉంది, ప్రాణమంతా దానిమీదే. పాత డిస్కుల్ని తుడిచే ప్రోగ్రాం అది. పెళ్లైన కొత్తలో కొన్న పాత కంప్యూటర్లో ఎవరివో ఫొటోలు బయటపడ్డాయి. ఆసుపత్రి మంచంమీద ఒక ముసలాయన, పక్కన నిలబడి నవ్వు తెచ్చుకుంటున్న పిల్లలు. తలుపు తట్టకుండా ఒకరి పడగ్గదిలోకి వెళ్లినట్టు ఆమె సిగ్గుతో చచ్చిపోయింది. ఫైళ్లను చెత్తబుట్టలో వేసినంత మాత్రాన అవి పోవని, డిస్కు మొత్తంమీద సున్నాలు రాస్తేనే పోతాయని ఆమెకు తెలుసు. తెలియనివాళ్లు కూడా వాడుకునేలా ఒక ప్రోగ్రాం రాసి ఉచితంగా ఇచ్చేసింది. డిస్కును ఎంచుకోవాలి, మీట నొక్కాలి, ఆకుపచ్చ గీత నిండేదాకా ఆగాలి. చివర్లో "నూరు శాతం. పూర్తయింది" అని వస్తుంది. అంతకుమించి తెరమీద ఒక్క ముక్క ఉండదు. చూసేవాళ్లను అంకెలతో గాభరా పెట్టకూడదని కావాలనే అలా ఉంచింది.

అక్క మానసిక వైద్యురాలు. వీధిలోవాళ్లకు మనసు డాక్టరమ్మ. భవనంలో మొదటి అంతస్తులో ఆమె క్లినిక్, కింద ఫొటో స్టూడియో, రోడ్డు దాటితే ఎదురుగా లాండ్రీ. రోగులు ఒప్పుకుంటే వాళ్ల మాటల్ని రికార్డు చేసుకుని, తర్వాత ఒంటరిగా విని, తను ఎక్కడ తొందరపడిందో చూసుకోవడం ఆమె అలవాటు. క్లినిక్‌లో కంప్యూటర్లు మార్చినప్పుడు ఆ రికార్డింగులున్న పాత డిస్కులు మూడు అమ్మకానికి మిగిలాయి. చెల్లెలి ప్రోగ్రాం చేతిలో ఉండగా తుడవమని పరాయివాళ్లకు ఇవ్వడమెందుకని, నిదానం సొరుగులో ఉన్న, డిస్కును కంప్యూటర్‌కు తగిలించే పాత అడాప్టర్‌ను అరువు తీసుకెళ్లి తనే తుడుచుకుంది. సాయంత్రం ఫోన్ చేసి మెచ్చుకుంది కూడా. ఒక్కోదానికీ పొద్దంతా పడుతుందని భయపెట్టావు, మూడూ ఒక్క రోజులోనే అయిపోయాయి కదే అంది. నిదానం లోలోపల పొంగిపోయింది. అంతకు కొద్ది రోజుల ముందే ప్రోగ్రాం వేగం పెంచడానికి ఏవో మార్పులు చేసింది. ఇది వాటి చలవే అనుకుంది.

రెండు నెలలు గడిచాక ఒక ఉదయం కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది. వేరే ఊళ్లో కంప్యూటర్లు బాగుచేసే మనిషి. తప్పుగా అనుకోవద్దని చాలాసేపు నసిగి, అసలు సంగతి చెప్పాడు. పెద్ద డిస్కు ఒకటి పాత అడాప్టర్‌తో తగిలించి తుడవబోతే, పట్టాల్సిన సమయంలో సగం కూడా పట్టలేదట.

"నూరు శాతం అని చూపిస్తోంది మేడం. కానీ దేనిలో నూరు శాతం?"

చూస్తానని చెప్పి పెట్టేసింది గానీ, ఆ ప్రశ్న చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది. సొరుగు లాగితే అక్క తిరిగిచ్చిన అడాప్టర్ పైనే కనిపించింది. కంపెనీ పనికని తెప్పించిన పెద్ద డిస్కు ఒకటి ఖాళీగా ఉంది. దాన్ని ముందు నేరుగా కంప్యూటర్‌కు తగిలించి, మొదట్లో, మధ్యలో, చివర్లో గుర్తుకోసం కొన్ని మాటలు రాసిపెట్టింది. తర్వాత అడాప్టర్ ద్వారా తగిలించి ప్రోగ్రాం నడిపింది. మధ్యాహ్నానికల్లా ఆకుపచ్చ గీత నిండింది. నూరు శాతం. పూర్తయింది. మళ్లీ నేరుగా తగిలించి చూసింది. మొదట్లో రాసిన మాటలు పోయాయి. మధ్యలోవి ఉన్నాయి. చివర్లోవీ ఉన్నాయి.

కారణం ఆమె ప్రోగ్రాంలోనే ఉంది. నీ పరిమాణం ఎంత అని ఆమె ప్రోగ్రాం డిస్కును అడగడం లేదు. మధ్యలో ఉన్న అడాప్టర్ ఏం చెబితే అదే నమ్ముతోంది. ఆ పాత అడాప్టర్‌కు ఒక హద్దు దాటాక లెక్క రాదు, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడుతుంది. అలా మూడు టెరాబైట్ల డిస్కును పట్టుకుని అందులో పావు వంతే ఉందని చెప్పింది. ప్రోగ్రాం ఆ పావు తుడిచేసి, అంతా తుడిచేశానని చాటింది. మిగతా ముప్పావు చెక్కు చెదరలేదు. కనీసం ఆ పరిమాణమైనా తెరమీద కనిపించి ఉంటే అక్క ఆగి ఉండేది, డిస్కు అట్టమీద మూడు అని ఉంటే ఇక్కడ ఒకటి కూడా లేదేమిటే అని అడిగి ఉండేది. అడగడానికి తను చోటే ఉంచలేదు.

భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్. భోజనానికి వచ్చి చూస్తే ఆమె కంచం ముందు బొమ్మలా కూర్చుని ఉంది. సంగతంతా విని కాసేపు ఆలోచించి, ఎవరో కొన్న డిస్కులో పాత సరుకు వెతికే తీరిక ఎవరికుంటుంది అన్నాడాయన. కొన్నవాళ్లు తమ ఫైళ్లు నింపుకుంటే పాతవి వాటంతటవే పోతాయి, ఈలోగా వదినకు చెప్పి ఆవిడ నిద్ర పాడుచేయడమెందుకు అన్నాడు. ఆ మాట ఆమె ప్రాణానికి హాయిగా తోచింది. నిజమే కదా అనుకుంటూ రెండు ముద్దలు తింది కూడా. మూడో ముద్ద కలిపి అలాగే వదిలేసింది. అక్క గదిలో కూర్చుని ఏడ్చినవాళ్లెవరో తనకు తెలియదు. తెలియకూడదు. అందుకేగా వాళ్లు అక్కడ ఏడవగలిగారు.

"నన్ను అక్క దగ్గర దింపుతారా?" అంది చేయి కడుక్కుంటూ.

ఆయన బండి తాళాలు తీసుకున్నాడు.

క్లినిక్‌లో ఒక రోగి వెళ్లి ఇంకొకరు రావడానికి మధ్య కాస్త ఖాళీ ఉంది. వేళ కాని వేళ చెల్లెలు వచ్చిందంటే పిల్లలకేమైనా అయిందేమోనని అక్క గాభరాగా లేచింది. నిదానం దారంతా కూడగట్టుకున్న మాటలన్నీ మరిచిపోయి, ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. అక్క మధ్యలో అడ్డు రాలేదు. రోగుల మాటలు వినీవినీ ఆ ఓపిక వచ్చింది. కానీ వింటున్నకొద్దీ ఆమె ముఖంలో రక్తం ఇంకిపోవడం నిదానానికి కనిపిస్తూనే ఉంది.

"ఎంత మిగిలింది?" అంది చివరికి.

"ముప్పావు."

"అందులో మాటలు వినిపిస్తాయా?"

"వెతికే ప్రోగ్రాముతో వెతికితే వినిపిస్తాయక్కా."

అక్క కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడింది. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. బల్ల దగ్గరికి తిరిగొచ్చి, ఆ రోజు రావలసిన వాళ్లందరికీ ఒక్కొక్కరికీ ఫోన్ చేసి రేపు రమ్మంది. గొంతు ఎక్కడా వణకలేదు.

డిస్కులు మూడూ వెనక సందులో పాత కంప్యూటర్లు అమ్మే కొట్టాయనకు ఇచ్చేసిందట. అక్కాచెల్లెళ్లు పరుగులాంటి నడకతో అక్కడికి వెళ్లారు. కొట్టంతా తీగలు, కీబోర్డులు, దుమ్ము. ఆయన అరల్లో చేయి పెట్టి కెలికి రెండు డిస్కులు తీశాడు. అక్క వాటిమీద తను అతికించిన చీటీలు చూసి గుర్తుపట్టింది. మూడోది లేదు. ఎప్పుడో అమ్మేశానన్నాడు. ఎవరికి అంటే గడ్డం గోక్కుంటూ, కొన్నవాళ్ల పేర్లు చెప్పడం వ్యాపారానికి మంచిది కాదని నీళ్లు నమిలాడు. అక్క గట్టిగా ఒక్క మాట కూడా అనకుండా, అది తిరిగి దొరక్కపోతే ఎవరెవరి బతుకులు వీధిన పడతాయో మెల్లగా చెప్పింది. ఆయన తల దించుకున్నాడు.

"దూరం పోలేదు లెండి. మీ కింద ఫొటోలాయనే తీసుకెళ్లాడు."

ఊరంతా వెతకాల్సి వస్తుందనుకున్నది తమ మెట్ల కిందే ఉందంటే నిదానం గుండె కుదుటపడాలి. కానీ మరింత బరువెక్కింది. క్లినిక్‌కు వచ్చేవాళ్లలో ప్రతి ఒక్కరూ ఆ స్టూడియో ముందు నుంచే మెట్లెక్కుతారు. ఫొటోలాయనకు వాళ్ల ముఖాలన్నీ తెలుసు.

స్టూడియోలో ఆయన ఒక్కడే ఉన్నాడు. వెనక నీలం తెర, ముందు ఎత్తు పీట, గోడనిండా ఎవరెవరివో నవ్వులు. డిస్కు మాట ఎత్తగానే తేలు కుట్టిన దొంగలా బిగుసుకుపోయాడు. అది పాడైపోయిందని, ఎప్పుడో చెత్తలో పారేశానని, ఆ చెత్త కూడా బండిలో వెళ్లిపోయిందని గబగబా చెప్పాడు. అడగని ప్రశ్నలకు కూడా జవాబులు చెబుతున్నాడని నిదానం గమనించింది. ఏదో అనబోయింది. అక్క ఆమె మోచేయి పట్టుకుని ఆపి, తాపీగా వెళ్లి ఫొటోలు దిగేవాళ్ల పీటమీద కూర్చుంది.

"మీరు దొంగతనం చేశారని మేము రాలేదండీ," అంది. "తప్పు మాది. సరిగ్గా తుడవకుండా అమ్మాము. మీరు దాన్ని ఏం చేసినా, ఏం చూసినా మీమీద నాకు కోపం లేదు. కానీ నాకు తెలియాలి."

ఫొటోలాయన చాలాసేపు కెమెరా మూతను విప్పుతూ పెడుతూ ఉండిపోయాడు. తర్వాత నీలం తెర వెనక్కి వెళ్లి, పాత ఆల్బముల కింద నుంచి గుడ్డలో చుట్టిన డిస్కు తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాడు.

జరిగింది ఇది. ఒక బడి పిల్లల ఫొటోలు ఆ డిస్కులో పెట్టుకుని, చేయి జారి చెరిపేసుకున్నాడు. బడివాళ్లు ఫొటోలు అడుగుతున్నారు. పోయిన ఫైళ్లను వెతికే ప్రోగ్రాం తెచ్చి నడిపితే ఆయన ఫొటోలు వచ్చాయి. వాటితో పాటు బావిలోంచి చేదతో పాటు పాము వచ్చినట్టు ఏవో రికార్డింగులు కూడా వచ్చాయి. ఏమిటా అని ఒకటి నొక్కాడు. లాండ్రీ ఆయన గొంతు.

"వెంటనే ఆపేశాను డాక్టరుగారూ," అన్నాడు.

అక్క ఆయన కళ్లలోకే చూసింది. ఆయన చూపు తిప్పుకున్నాడు.

"లేదండీ. చివరిదాకా విన్నాను. ఆపాలనే అనుకున్నాను, చెయ్యి రాలేదు. రోజూ చూసే మనిషి. లోపల అంత మోస్తున్నాడని నాకెలా తెలుస్తుంది? ఆ రోజు నుంచి ఆయన ముఖంలోకి చూడలేకపోతున్నాను. మీకు చెబితే నేనే దొంగిలించానంటారని భయమేసింది. పారేస్తే ఇంకెవరికి దొరుకుతుందోనని ఇంకో భయం. మింగలేక కక్కలేక ఉన్నాను."

మిగతావేవీ తెరవలేదన్నాడు. ఇంకెవరికీ చెప్పలేదన్నాడు. నిదానం ఆయన కంప్యూటర్ అంతా వెతికి, బయటికి వచ్చిన రికార్డింగుల్ని ఆయన ముందే తుడిచేసింది. ఈసారి ఏ గీతనూ నమ్మలేదు. తుడిచిన చోటల్లా తిరిగి చదివి చూసుకుంది.

అప్పటికి పొద్దు వాలుతోంది. ఇక లాండ్రీ ఆయనకు చెప్పడం మిగిలింది. నిదానానికి ఆ రోడ్డు దాటడం ఏరు దాటినట్టు ఉంది. ఇది నా పని, నువ్వు ఇంటికి వెళ్లు అంది అక్క. నిదానం కదల్లేదు. తప్పు చేసిన మనిషిని నేను కదా, ఆయనకు నా ముఖం కూడా కనిపించాలి అంది. ఇద్దరూ కలిసే రోడ్డు దాటారు.

లాండ్రీ ఆయన చొక్కాకు ఇస్త్రీ చేస్తున్నాడు. దుకాణంలో ఇంకెవరూ లేరు. అక్క తలుపు దగ్గరగా వేసి, ఉపోద్ఘాతం లేకుండా చెప్పింది. మీ రికార్డింగు ఒకటి బయటికి వెళ్లింది, ఒక మనిషి విన్నాడు, ఇప్పుడది తిరిగి మా చేతికి వచ్చింది, కారణం మేమే. ఆయన ఇస్త్రీ పెట్టెను నిలబెట్టి స్విచ్ ఆపేశాడు. ఏ రోజుది అని అడిగాడు. అక్క చెప్పింది. ఆయన రెండు చేతులూ బల్లకు ఆనించి, మడతపెట్టని చొక్కా వైపే చూస్తూ ఉండిపోయాడు.

"ఎవరు విన్నారు?"

అక్క జవాబు చెప్పేలోగా తలుపు తోసుకుని ఫొటోలాయన లోపలికి వచ్చాడు. రోడ్డుకు అవతల నిలబడి ఇదంతా చూస్తున్నాడని వీళ్లకు తెలియదు. తనే విన్నానని చెప్పి, తలుపు దగ్గరే నిలబడిపోయాడు.

లాండ్రీ ఆయన ఫొటోలాయన్ని ఎగాదిగా చూశాడు. "ఇన్నాళ్లుగా నువ్వు తల తిప్పుకుని పోతుంటే, నీ బట్టలు సరిగ్గా ఇస్త్రీ చెయ్యలేదేమోనని అనుకున్నాను. రెండుసార్లు కాలర్లు మళ్లీ చేసి పంపాను."

ఆయన నిదానం వైపు తిరిగి, ఇలాంటివి ఇంకెన్ని బయట ఉన్నాయి అని అడిగాడు. డాక్టరమ్మవి ఇక ఏమీ లేవని, తన ప్రోగ్రాం వాడిన మిగతావాళ్లవి ఎన్నో తనకు తెలియదని నిజమే చెప్పింది. అయితే ముందు ఆ సంగతి చూడమ్మా అన్నాడు. స్విచ్ వేసి, పెట్టె వేడెక్కేదాకా వాళ్లకు వీపు పెట్టి నిలబడ్డాడు. ముగ్గురూ బయటికి వచ్చేశారు.

లాండ్రీ ఆయన మరి క్లినిక్ మెట్లెక్కలేదు. వేరే వీధిలో ఉన్న ఇంకో డాక్టరు దగ్గరికి అక్కే ఆయన్ని పంపించింది. పాత రోగులందరికీ విషయం చెప్పింది. కొందరు చెప్పి మంచి పని చేశారన్నారు, కొందరు రావడం మానేశారు. ఒకావిడ మాత్రం ఫోన్‌లోనే నోటికొచ్చినట్టు తిట్టింది. అక్క అన్నీ పడింది. చెల్లెలితో మాత్రం అవసరానికి మించి మాట్లాడలేదు. పిల్లలు ఎలా ఉన్నారు, బాగున్నారు, అంతే. ఫోన్ పెట్టేశాక నిదానానికి ఆ రెండు ముక్కలే రోజంతా గుచ్చుకునేవి.

ఆమె మొదట చేసింది ప్రోగ్రాం పేజీమీద జరిగింది దాచకుండా రాయడం. ఇలాంటి అడాప్టర్లతో పెద్ద డిస్కులు తుడిచిన ప్రతి ఒక్కరూ తుడవలేదనే అనుకోండి, చేతిలో ఉంటే మళ్లీ తుడవండి, అమ్మేసి ఉంటే వెనక్కి తెచ్చుకోండి అని రాసింది. మర్నాటి నుంచి వర్షంలా ఉత్తరాలు. థాంక్స్ చెప్పినవాళ్లు కొద్దిమంది, శాపనార్థాలు పెట్టినవాళ్లు బోలెడుమంది. ఇదంతా ఊరికే ఇచ్చిన ప్రోగ్రామే కదా, అంత పడటమెందుకని భర్త ఊరడించబోయాడు. మీ లిఫ్టు మూడో అంతస్తు అని చూపించి గోడ ముందు తలుపు తెరిస్తే, టికెట్ లేదుగా అని ఊరుకుంటారా అంది.

తర్వాత తెరను మొదటి నుంచి తిరగరాసింది. డిస్కు తన పరిమాణం ఎంతని చెబుతోందో, మధ్యలోని అడాప్టర్ ఎంతని చెబుతోందో రెండూ పక్కపక్కన చూపించాలి. రెండూ కలవకపోతే ప్రోగ్రాం పని మొదలుపెట్టకూడదు. డిస్కు జవాబు చెప్పకపోతే, అట్టమీది అంకెను మనిషినే చూసి టైపు చేయమని అడగాలి. ఎంత రాసింది, రాసినదాన్ని తిరిగి చదివి ఎంత సరిచూసింది, ఎక్కడ రాయలేకపోయింది, ఇవన్నీ కనిపించాలి. రాయడం ఆమెకు కష్టం కాలేదు. వాడేవాళ్లకు అర్థమయ్యేలా చెప్పడమే కొరకరాని కొయ్య అయింది. ఎవరికి చూపించినా బాగుందనేవారు. బాగుందన్న మాటతో ఆమెకిప్పుడు పనిలేదు. చివరికి మనసు గట్టి చేసుకుని అక్కకు ఫోన్ చేసి అడిగింది. అక్క ఆదివారం తీసుకురా అని పెట్టేసింది.

ఆదివారం ఇద్దరూ క్లినిక్‌లో ఒకే తెర ముందు కూర్చున్నారు. అక్క ప్రతి వాక్యాన్నీ రోగి మాట విన్నట్టు విన్నది. 'కొన్ని భాగాలు బహుశా తుడవబడకపోవచ్చు' అన్న చోట వేలు పెట్టి ఆగింది.

"ఈ బహుశా ఎవరికోసం?"

"భయపడతారేమోనని."

"భయపడాల్సిన చోట భయపడనీ. మొన్న నువ్వు నా గదిలోకి వచ్చి ముప్పావు అన్నావు చూడు, అలా రాయి. తెలిస్తే తెలుసని, తెలియకపోతే తెలియదని."

ఆ మాటలో మెచ్చుకోలు ఉందో, ఇంకా మిగిలిన కోపం ఉందో నిదానానికి అంతుపట్టలేదు. బహుశా తీసేసింది. సాయంత్రానికి తెరమీది వాక్యాలన్నీ సగానికి సగం తగ్గాయి. 'పూర్తయింది' అన్న మాట ఒక్క చోటే మిగిలింది. డిస్కు పరిమాణం, రాసినది, సరిచూసినది, ఈ మూడు అంకెలూ కలిస్తేనే అది వస్తుంది.

ఫొటోలాయన ఇచ్చిన డిస్కునే మొట్టమొదట కొత్త ప్రోగ్రాంతో తుడవాలని అక్క పట్టుబట్టింది. మరుసటి వారం నేరుగా కంప్యూటర్‌కు తగిలించి పొద్దున్నే మొదలుపెట్టారు. అక్క లోపలి గదిలో రోగుల్ని చూస్తూ, మధ్యమధ్య తలుపు తీసి తెర వైపు చూసి వెళ్లేది. పావు దాటింది. సగం దాటింది. చివరికి వచ్చేసరికి వేగం పడిపోయింది. ఒకేచోట మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తున్నట్టు చూపించి ఆగిపోయింది. ఆకుపచ్చ రాలేదు. 'ఈ డిస్కులో కొంత భాగం పాడైంది. అక్కడ రాయలేకపోయాను. తుడవడం పూర్తి కాలేదు' అని వచ్చింది.

అక్క ఆ మూడు వాక్యాల్నీ నిలబడే చదివింది.

"అయితే ఇప్పుడేం చెయ్యాలి?"

"ఇక దీన్ని తుడవలేమక్కా. పగలగొట్టాలి."

మరిదికి కబురు వెళ్లింది. ఆయన డ్రిల్లింగ్ మెషీన్ తెచ్చి, భవనం వెనక సిమెంటు గట్టుమీద డిస్కును బిగించి, వదిన ఎక్కడ చూపిస్తే అక్కడ బెజ్జాలు వేశాడు. ఇక చాలన్నా ఆమె ఇంకొకటి చూపించేది. లోపలి పళ్లెం ముక్కలు గలగలలాడేదాకా ఆపనివ్వలేదు. తర్వాత చీపురు తెప్పించి రజనంతా తనే ఊడ్చింది. ముక్కల్ని సంచిలో పోసి చెల్లెలి చేతికిచ్చి, సాయంత్రం రోగి వచ్చే వేళైందని మెట్లెక్కుతూ, పైన ఫ్లాస్కులో టీ ఉంది, తాగి వెళ్లండి అంది.